తీసేసిన సొట్ట

కలప అడితి గోడ దగ్గరికి వచ్చేసరికి ఆ రోడ్డు కడుపు లోపలికి పీల్చుకున్నట్టు సన్నబడిపోతుంది. అక్కడ సైకిలు తొక్కేవాడికి ఒక పక్క గోడ, ఇంకో పక్క దేవుడు. సోమవారం పొద్దున సొట్టల మేస్త్రి షెడ్డుకు పోతూ, సగం దారి తొక్కిన ఆయాసానికి పెడళ్ళు వదిలేసి, జారుతూ ఆ మలుపు తిరిగాడు. తిరుగుతూనే బ్రేకు పట్టాడు.

గోడవారన నేలమీద ఒకామె కూర్చుని ఉంది. నలభై అయిదేళ్ళుంటాయి. తపాలా వాళ్ళ గోధుమరంగు చొక్కా, పక్కన నోరు తెరుచుకున్న సంచి, చుట్టూ ఉత్తరాలు. మోకాలి దగ్గర బట్ట చిరిగి ఎర్రగా తడిసింది. ఆమె మాత్రం మోకాలి సంగతి తర్వాత చూద్దాంలే అన్నట్టు, ఉత్తరాలు ఒక్కొక్కటే ఏరి, వీధి వరసన, ఇంటి నంబరు వరసన పేర్చుకుంటోంది.

మేస్త్రి సైకిలు దిగాడు. గబగబా ఆమె దగ్గరికి వెళ్ళాడు. ఆమెను దాటుకుని వెళ్ళాడు. అవతల పడి ఉన్న ఆమె సైకిలు ముందు గొంతుక్కూర్చుని హ్యాండిలు తడమడం మొదలుపెట్టాడు.

"అన్నా, ముందు నన్ను చూడండి," అందామె. "సైకిలు ఎక్కడికీ పోదు."

మేస్త్రి నాలుక కరుచుకున్నాడు. తన మంచినీళ్ళ సీసా తెచ్చి, మోకాలు కడిగి, జేబులోని శుభ్రమైన గుడ్డ కట్టాడు. శుభ్రమైనదంటే షెడ్డు లెక్కలో శుభ్రమైనది.

"ఏమైంది చెల్లెమ్మా?"

"ఏమవుతుంది? గోడ పక్కన నా మానాన నేను పోతున్నాను. వెనకనుంచి కారు. నీలమో బూడిదో, రెండూ కాని రంగో. ఇక్కడ చోటుందా మీరే చెప్పండి? వాడికి ఉన్నట్టనిపించింది. నా హ్యాండిలు వాడి తలుపుకి రాసుకుంది, నేను గోడకి రాసుకున్నాను."

"నంబరు చూశావా?"

"నంబర్లు చదవడమే నా ఉద్యోగం. గాల్లో ఎగురుతూ చదవడం మాత్రం ఇంకా నేర్పలేదు."

"ఆగకుండా పోయాడా?"

"ఆగాడన్నా. మంటంతా అదే." ఆమె చేతిలోని ఉత్తరాలు ఒళ్ళో పెట్టుకుంది. "ఎర్ర లైట్లు వెలిగాయి. ఒకటి, రెండు, మూడు, నాలుగు, అయిదు. లెక్కపెట్టాను. దిగుతాడనుకున్నాను. లైట్లు ఆరిపోయాయి, పోయాడు. అసలు ఆగకపోయుంటే చూసుకోలేదు వెధవ అనుకుని ఊరుకునేదాన్ని."

అంతటితో అయిపోతే బాగానే ఉండేది. ఆమె ఆఫీసులో ఒక నియమం ఉంది: సైకిలు మీద ఉత్తరాలు పంచేవాళ్ళు ఏడాదిలో రెండుసార్లు పడితే సైకిలుకు పనికిరారని తేల్చి, వాళ్ళు తిరిగే వీధుల బీటు తీసేస్తారు. ఆమె ఆ యేడు అప్పటికే ఒకసారి పడింది. అప్పుడు పిల్లి అడ్డం వచ్చింది. ఇది రెండోది. విచారణలు శుక్రవారం జరుగుతాయి. ఎవరో గుద్దారని రుజువు లేకపోతే ఇదీ ఆమె ఖాతాలోనే పడుతుంది.

"తీసేస్తే ఏం చేస్తావు?"

"కింద నేలమాళిగలో కూర్చోబెట్టి ముద్రలు కొట్టిస్తారు. కిటికీ కూడా లేదన్నా అక్కడ. పదిహేడేళ్ళుగా తిరుగుతున్నాను. మూడొందల పన్నెండు గుమ్మాలు. ఏ కుక్క కరుస్తుందో, ఏది ఇంటివాళ్ళ మెప్పు కోసం మొరుగుతుందో నాకు తెలుసు. ఏ ముసలాయన ఉత్తరం రాకపోయినా గేటు దగ్గర నిలబడతాడో తెలుసు. ఇవన్నీ తీసుకెళ్ళి ఆ కొట్లో ఏం చేసుకోను?"

మేస్త్రి ఆమె సైకిలు లేపి నిలబెట్టాడు. హ్యాండిలు ఒకవైపు తిరిగిపోయింది. పిడి పక్కన పాతకాలపు ఇత్తడి బెల్లు, దాని మూత మీద ఉబ్బెత్తున అయిదు కోణాల నక్షత్రం. నక్షత్రం ఒక కోణం అణిగి ఉంది. మేస్త్రి దాని మీద బొటనవేలు ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

"సొట్టల మేస్త్రి మీరేనా?" అంది ఆమె ఆ వేలి వైఖరి చూసి.

"నేనే. చెల్లెమ్మా, ఈ నక్షత్రం ఆ కారు తలుపు మీద అచ్చుపడి ఉంటుంది. మూడు రోజులు ఓపిక పట్టు. ఊళ్ళో ఉన్నవి రెండు షెడ్లు. తలుపు మీద గుంట పెట్టుకుని మగాడన్నవాడెవడూ మూడు రోజులకు మించి తిరగలేడు. పెళ్ళాంతో మాటపడి వారం మాట్లాడకుండా ఉంటాడు గానీ కారు గుంటతో ఉండలేడు. నా దగ్గరికే వస్తుంది."

"వస్తే?"

"ముట్టుకోను. పోస్టుమాస్టర్ని పిలిచి చూపిస్తాను. నాదీ పూచీ."

ఆమెను ఒక ఆటో ఎక్కించి పంపి, సైకిలు బాగుచేయడానికి తోసుకుంటూ తన షెడ్డుకు తీసుకుపోయాడు. రెండు సైకిళ్ళు రెండు చేతులతో తోసుకుంటూ పోవడం చూసి దారిలో ఒక కారువాడు హారను కొట్టాడు.

సొట్టల మేస్త్రి సంగతి కొంత చెప్పుకోవాలి. అతనికి ఆ విద్య కార్ల మీద అబ్బింది కాదు. అతని మేనమామ బ్యాండుమేళాల బూరలు, బాకాలు బాగుచేసేవాడు. ఇత్తడి బూరకు సొట్ట పడితే రాగం ముక్కుతో పాడినట్టు వస్తుంది. లోపల ఇనపగుండు దొర్లించి, పైన చెక్కసుత్తితో మెల్లగా పలకరించి ఆ సొట్టను ఒప్పించి బయటికి తేవడం మేస్త్రి ఆ మామ దగ్గర నేర్చుకున్నాడు. తర్వాత ఊళ్ళో బూరలు తగ్గాయి, కార్లు పెరిగాయి. చప్పుడు పెరిగింది, రాగం పోయింది, మేస్త్రికి మాత్రం పని పోలేదు.

పుట్టీ అంటే అతనికి పరమ అసహ్యం. రెండో షెడ్డువాడు గుంట నిండా పుట్టీ మెత్తి, పైన రంగు కొట్టి, తళతళలాడించి పంపిస్తాడు. "అది వైద్యం కాదు, శవానికి పౌడరు," అంటాడు మేస్త్రి. తను మాత్రం రేకు వెనక ఇనపదిమ్మ అదిమిపెట్టి, ముందునుంచి సుత్తితో కొడుతూ, రేకు పుట్టినప్పుడు ఎలా ఉందో అలా చేస్తాడు. కంటితో చూడడు. అరచేత్తో చూస్తాడు.

అతను జన్మలో కారు నడపలేదు. ఎందుకు నేర్చుకోలేదని అడిగితే, డాక్టరు ప్రతి జబ్బూ తెచ్చుకోవాలా అంటాడు. అసలు కారణం వేరు. ముప్ఫై ఒక్క ఏళ్ళ సర్వీసులో "నేను గుద్దాను" అంటూ కారు తెచ్చినవాడు ఒక్కడంటే ఒక్కడు అతనికి తగల్లేదు. అతని షెడ్డులో వినబడే ప్రపంచంలో స్తంభాలు నడిచివస్తాయి. గేట్లు మీదపడతాయి. చెట్లు పొంచి ఉండి దాడిచేస్తాయి. కార్లు మాత్రం పాపం ఎక్కడో ఓ పక్కన కళ్ళు మూసుకుని నిద్రపోతూ ఉంటాయి. చక్రం కనిపెట్టిన మనిషి మర్నాడే దాన్ని పక్కవాడి కాలి మీంచి పోనిచ్చి ఉంటాడు. ఆ సంగతి ఏ శాసనంలోనూ ఉండదు, శాసనాలు చెక్కించేది ఎప్పుడూ బండిలో కూర్చున్నవాడే కాబట్టి. రాజుల రథాల గురించి పుంఖానుపుంఖాలుగా రాసినవాళ్ళు, ఆ రథాలకు దారి వదలడానికి గోడకు అంటుకుపోయిన వాళ్ళ గురించి ఒక్క ముక్క రాయలేదు. మేస్త్రి ఇవేవీ చదవలేదు. అయినా అతనికి తెలుసు, ఎందుకంటే ప్రతి రేకూ అతనితో నిజమే చెబుతుంది.

ఇంత విద్య ఉన్న ఆ చేతులకు ఒక జబ్బుంది. వాటికి ఎగుడుదిగుడు కనబడితే ఊరుకోలేవు. ఒకసారి పెళ్ళివారింట్లో మాటల్లో పడి, ముందున్న స్టీలు జగ్గు సొట్ట నొక్కి తీసేశాడు. జ్వరమొచ్చి డాక్టరు దగ్గరికి వెళ్ళినవాడు డాక్టరు రాసేలోగా ఆయన సూదుల పళ్ళెం చదును చేసిపెట్టాడు. "మా ఇంట్లో గిన్నెలన్నిటికీ సొట్టలు పోయాయి, ఈయన బుర్రకు తప్ప," అంటుంది అతని భార్య.

బుధవారం మధ్యాహ్నం షెడ్డు ముందు ఒక కారు ఆగింది. నీలమో బూడిదో తేలని పావురం రంగు. అందులోంచి దిగింది మేస్త్రి బావ, అంటే భార్యకు స్వయానా అన్న.

ఈ బావ ఊరికి డ్రైవింగు మాస్టారు. ఊళ్ళో స్టీరింగు పట్టినవాళ్ళలో సగంమంది ఆయన శిష్యులే. 'రోడ్డు మర్యాదలు' అని నలభై పేజీల పుస్తకం రాసి, చేరినవాళ్ళందరికీ తలా ఒకటి పంచుతాడు. దాని మొదటి పేజీలో మర్యాదకు బదులు ఆయన ఫోటో ఉంటుంది. కారు కొని పది రోజులైందని, చెల్లెలి ఇంటికి తెచ్చి చూపించే తీరికే దొరకలేదని ఆయన దిగుతూనే చెప్పుకున్నాడు.

"చిన్న పని బావా."

"చిన్న పనులకే పెద్దవాళ్ళు వస్తారు. దేన్ని గుద్దావు?"

"నేనా? నేను గుద్దడమేంటి! మా దగ్గర నేర్చుకునే కళ్ళద్దాల అమ్మాయి రివర్సు తీస్తూ గేటుకి ఆనించింది. స్కూలు కారు బ్యాటరీ పడుకుంటే ఇది ఇచ్చాను. నా ఖర్మ."

మేస్త్రి తలుపు ముందు గొంతుక్కూర్చున్నాడు. నడుమెత్తున గుంట. గుంటలోంచి ఒక గీత. కారు వెనక్కి పోతూ గేటుకు రాసుకుంటే గీత కారు ముందువైపుకు సాగుతుంది, ఊడిన రంగు పొలుసులు అటే పోగుపడతాయి. ఇక్కడ గీత తోక వెనక్కి ఉంది. కారు ముందుకు పోతోంది, అదీ జోరుగా. మేస్త్రి గుంటలో బొటనవేలు పెట్టాడు. అయిదు కోణాలు. ఒకటి మొద్దుబారింది. గుంట అంచున వెంట్రుకంత ఇత్తడి మెరుపు.

చేతిలోంచి పాన జారి పడినట్టు గుండె ఒకసారి చప్పుడు చేసింది. బయటివాడైతే ఒక పద్ధతి. ఇతను బావ. ఏ మాటతో మొదలుపెట్టాలో తెలియక మేస్త్రి తలుపు లోపలి అట్ట మరలు విప్పడం మొదలుపెట్టాడు. ఊరికే, ఆలోచించుకోవడానికి వీలుగా.

"అయినా ఈ ఊళ్ళో బండి నడపడమంత నరకం లేదు బావా," అన్నాడు మాస్టారు స్టూలు లాక్కుని. "లారీల్ని భరించవచ్చు. ఈ సైకిళ్ళున్నాయి చూశావూ..."

"ఏం చేశాయి సైకిళ్ళు?"

"రోడ్డు వాళ్ళ తాతగారిదన్నట్టు పోతారు. వెనక ఏం వస్తోందో చూడరు."

"నీ వెనక ఏం వస్తోందో చూడ్డానికి నీకు మూడు అద్దాలున్నాయి. వాడికి మెడ ఒక్కటే ఉంది." మేస్త్రి ఇనపదిమ్మ తీసుకున్నాడు. టక్.

"నువ్వు సైకిలుగాడివి, అలాగే అంటావు."

"నువ్వు కారుగాడివి, నువ్వు ఎలాగంటావో అదీ విన్నాను." టక్, టక్.

"మావాళ్ళకి ఎంత చెప్తాను! సైకిలు పక్కనుంచి పోయేటప్పుడు బారన్నర దూరం ఉండాలి అని..."

"కలప అడితి గోడ దగ్గర బారన్నర ఎక్కడినుంచి తెస్తావు? అక్కడ ఏం చెయ్యాలి?"

"ఆగాలి. వెనకాలే పోవాలి. అంటే ఏమిటి? చోటు వచ్చేదాకా ఓపిక పట్టాలి."

"మరి పట్టనివాడిని ఏమనాలి?" టక్, టక్, టక్. మేస్త్రి మెడ నరాలు ఉబ్బాయి. గరుకు కాగితం అందుకున్నాడు. "ఒక మనిషిని గోడకి పూసేసి, బ్రేకు తొక్కి, అయిదు లెక్కపెట్టేంతసేపు ఆలోచించుకుని, దిగకుండా పోయినవాడిని ఏమనాలి బావా? పైగా ఆ పాపం తెచ్చి ఎవరో కళ్ళద్దాల అమ్మాయికి అంటగట్టినవాడిని? ఇది గేటు కాదు. సైకిలు. సోమవారం. నువ్వు!"

మాస్టారు మొహం తెల్లబోయింది. తర్వాత మెల్లగా తలుపు వైపు వంగి చూశాడు. చాలాసేపు చూశాడు. మొహానికి రంగు తిరిగొచ్చింది.

"ఏది బావా?" అన్నాడు.

మేస్త్రి చూశాడు. అరచేయంత మేర రంగు లేచిపోయి రేకు అద్దంలా మెరుస్తోంది. గుంట లేదు. నక్షత్రం లేదు. గీత లేదు. ఇత్తడి మెరుపు గరుకు కాగితానికి అంటుకుని నేలమీద పడింది. అతని జన్మలో చేసిన మేలైన పనుల్లో అదొకటి.

మేస్త్రి తన చేతుల వైపు ఎవరివో చేతుల్ని చూసినట్టు చూశాడు.

"శనివారానికి రంగు వేసి ఉంచు," అని మాస్టారు లేచి నడుచుకుంటూ పోయాడు. వీధి మలుపు దాకా వెనక్కి చూడలేదు.

సాయంత్రం ఇంట్లో సంగతంతా చెప్పేసరికి భార్య చేతిలోని గరిటె కింద పెట్టింది.

"మా అన్నయ్యని ఏమన్నా అంటే ఊరుకోనని ఇరవై ఆరేళ్ళుగా చెప్తున్నాను."

"చెప్తున్నావు."

"వేలితో తడిమి చూశారా?"

"చూశాను."

"అయిదు కోణాలూ?"

"నాలుగు వాడిగా, ఒకటి మొద్దుగా."

"అయితే గుద్దాడు," అంది ఆమె, వాదన ముగిసినట్టు. "చిన్నప్పుడూ ఇంతే. పలక పగలగొట్టి నా పేరు చెప్పాడు. మరి మీరెందుకు తీశారు ఆ సొట్ట?"

"నేను తీయలేదే. చెయ్యి తీసింది."

"చెయ్యి! వాడేమో ఆ అమ్మాయి చేసిందంటాడు, మీరేమో చెయ్యి చేసిందంటారు. మగవాళ్ళు చేసిన పని ఒక్కటీ లేదు లోకంలో." గరిటె మళ్ళీ అందుకుంది. "ఆమె బీటు పోతే ఆ చేతులతో అన్నం ఎలా తింటారో నేనూ చూస్తాను."

మేస్త్రి ఆ పూట చెంచాతో తిన్నాడు.

గురువారం పొద్దున షెడ్డు తీసేసరికి అతనికి ఒక ఉపాయం తట్టి ఉంది. కారు తన దగ్గరే ఉంది. ఆమె సైకిలూ తన దగ్గరే ఉంది. బెల్లు విప్పాడు. తలుపు మీద నిన్నటి చోటు వేలికి ఇంకా గుర్తే. నక్షత్రం అక్కడ ఆనించాడు, మొద్దు కోణం కిందికి వచ్చేట్టు. ఒక్క దెబ్బ. వెనక్కి ఒక గీత. మళ్ళీ కాస్త ఇత్తడి రాస్తే సరి. బ్రహ్మ దిగొచ్చినా తేడా పట్టలేడు. సొట్టలు చదవగలిగినవాడు ఊళ్ళో తనొక్కడే, తను ఎవరికీ చెప్పడు.

సుత్తి ఎత్తాడు. ముప్ఫై ఒక్క ఏళ్ళలో తీయడానికే తప్ప పెట్టడానికి ఎత్తింది లేదు. చెయ్యి దిగలేదు. పాడు చెయ్యి, నిన్న చెప్పకుండా పని చేసింది, ఇవాళ చెప్పినా చెయ్యనంటోంది.

"ఏం చేస్తున్నారన్నా?"

వాకిట్లో ఊతకర్ర పట్టుకుని తపాలా ఆమె. మేస్త్రి దాచలేదు. కారెవరిదో, సొట్ట ఏమైందో, ఇప్పుడు తను ఏం చెయ్యబోతున్నాడో వరసగా చెప్పేశాడు. ఆమె పాత టైర్ల దొంతర మీద కూలబడి, మోకాలు పట్టుకుని నవ్వింది. నవ్వుకు మోకాలు సలిపితే అబ్బా అని, మళ్ళీ నవ్వింది.

"రుజువు తెచ్చి చేతికిస్తే నున్నగా చెరిపేశారా! ఏం మనుషులన్నా మీరు!"

"తిట్టు చెల్లెమ్మా, పడతాను. ముందు ఈ ఒక్క దెబ్బ వెయ్యనీ."

"వద్దు." ఆమె నవ్వు ఆపింది. "మీరు పెట్టిన సొట్ట చూపించి బీటు తెచ్చుకుంటే, రేపట్నుంచి మూడొందల పన్నెండు గుమ్మాలెక్కి ఏ మొహంతో ఉత్తరాలిస్తాను? ఆయన పెట్టింది కావాలి నాకు. అది లేకపోతే మీరు చూసింది చెప్పండి."

"నమ్ముతారా?"

"నమ్మరు. అయినా చెప్పండి."

శుక్రవారం పదింటికి విచారణ. పోస్టుమాస్టరు ముందు మూడు కాగితాలు, వాటి మధ్య రెండు కార్బన్లు. ఆయన చెడ్డవాడు కాదు. ఏ గడిలో రాయాలో తెలియని విషయం వస్తే మాత్రం చెమటలు పట్టే మనిషి.

"సొట్ట ఉందంటారు."

"ఉండేదండి."

"ఇప్పుడు?"

"తీసేశాను."

"ఎవరు తీయమన్నారు?"

"ఎవరూ అనలేదండి. కోపంలో తీసేశాను."

పోస్టుమాస్టరు పెన్ను కింద పెట్టాడు. "కోపంలో సొట్టలు పెట్టేవాళ్ళ గురించి విన్నాను. తీసేవాణ్ణి మిమ్మల్నే చూస్తున్నాను. అయ్యా, లేని సొట్టకు సాక్ష్యం ఏ గడిలో రాయమంటారు? సొట్టన్నా చూపించండి, ఆ కారాయన సంతకమన్నా తెండి. నాలుగింటి సంచిలో ఈ కాగితాలు పై ఆఫీసుకు పోవాలి. అప్పటిదాకా ఆగుతాను, అంతే."

తపాలా ఆమె అప్పటికే నేలమాళిగకు దిగే మెట్ల మీద నిలబడి ఉంది. తీర్పు వచ్చేదాకా అక్కడే పనట. కిందనుంచి ముద్రలు కొడుతున్న చప్పుడు దబ్ దబ్ మని వస్తోంది. మేస్త్రి ఆమె మొహం చూడలేక సైకిలెక్కాడు.

డ్రైవింగు స్కూలు కుట్టుమిషన్ల కొట్టు మీద మేడగది. గోడ పొడవునా నల్లబల్ల, దాని మీద రోడ్లు, గీతలు, బాణాలు. బెంచీల మీద పదకొండు మంది శిష్యులు. మేస్త్రి వచ్చి ఆఖరి బెంచీలో కూర్చున్నాడు. మాస్టారు చూశాడు, గొంతు సవరించుకున్నాడు, పాఠం సాగించాడు.

"మాస్టారూ, సందేహం," అని మేస్త్రి చెయ్యెత్తాడు.

"మీరు ఫీజు... మీరు ఇక్కడ చేరలేదండీ."

"చేరాలా వద్దా అని తేల్చుకోవడానికే సందేహం. రివర్సులో గేటుకి ఆనిస్తే గీత ఎటు పోతుంది?"

ముందు బెంచీలో ఒక కళ్ళద్దాల అమ్మాయి ఉంది. మేస్త్రి ఆమె వైపు తిరిగాడు. "అమ్మా, నువ్వే గదా గేటుకి ఆనించింది. ఎటు పోయింది?"

"నేనా?" ఆ అమ్మాయి కళ్ళద్దాలు సర్దుకుంది. "నాకింకా రివర్సు రాలేదండీ. ఆ పాఠం వచ్చే వారం. మాస్టారు వెనక్కి పోనివ్వలేదు ఇంకా."

గదిలో ఒక నవ్వు పుట్టి, మాస్టారి మొహం చూసి ఆగిపోయింది. ఆయన ఏదో అనబోయాడు. మేస్త్రి అప్పటికే బల్ల దగ్గరికి వచ్చి సుద్దముక్క తీసుకున్నాడు. మాటలతో అయ్యేది కాదని, బొమ్మ వేసి అందరికీ చెబుదామని అతని ఉద్దేశం. రేకు మీద మాయలు చేసే చెయ్యి సుద్ద పట్టేసరికి ఎందుకూ పనికిరాలేదు. గోడ వంకరగా వచ్చింది. కారు తిరగేసిన కుండలా వచ్చింది. సైకిలుకు రోడ్డు మధ్య తప్ప చోటు మిగల్లేదు, అక్కడే వేశాడు, దానికి మూడు చక్రాలు వచ్చాయి.

"ఇది అడితి గోడ," అన్నాడు మేస్త్రి. "ఇది సైకిలు. కారు ఇట్నుంచి..."

మాస్టారు ఓర్చుకున్నాడు. ఒక కాలి మీదినుంచి ఇంకో కాలి మీదికి మారాడు. కారు బాణం గోడలోకి దూసుకుపోయేసరికి ఇక ఆగలేకపోయాడు. ముప్ఫై ఏళ్ళుగా ఆ బల్ల మీద తప్పు బొమ్మ నిలవనిచ్చింది లేదు.

"అది కాదు! ఇలా తే." సుద్ద లాక్కున్నాడు. చకచకా చెరిపి, గోడ నిటారుగా గీశాడు. "సైకిలు రోడ్డు మధ్యన ఎందుకుంటుంది? ఇదిగో, గోడకి మూరెడు దూరంలో, ఉండాల్సిన చోటే ఉంది. ఆమె తప్పు ఇసుమంత లేదు. కారు ఇక్కడ. ఎదురుగా లారీ ఇక్కడ. అంటే ఏమిటి? చోటు లేదు. ఆగాలి. ఆగకుండా, పట్టేస్తుందిలే అనుకుని, నేను ఇలా లోపలికి తిప్పి..."

సుద్ద ఆగిపోయింది.

కింద కొట్లో ఎవరో మిషను తొక్కి చూస్తున్నారు. రెండో బెంచీలో ఒకాయన, ఏ మాటా వదలకుండా రాసుకునే రకం, నోటు పుస్తకంలోంచి తలెత్తాడు.

"మాస్టారూ, 'నేను' కూడా రాసుకోవాలా?"

మాస్టారు బల్ల వైపు నుంచి ఇటు తిరగలేదు. ఆయన చెవులు ఎర్రబడటం పదకొండు మందీ చూశారు.

"రాసుకోండి," అన్నాడు.

తర్వాత ఇటు తిరిగాడు. "ఆగాను. అద్దంలో చూశాను. ఆమె కూర్చుని ఉత్తరాలు ఏరుకుంటోంది. ఏరుకుంటోందంటే బాగానే ఉన్నట్టే అనుకున్నాను. అలా అనుకుంటే సుఖంగా ఉంది. దిగితే మాస్టారే గుద్దాడని ఊరంతా అంటుంది. బోర్డు పీకేసుకోవాల్సిందే. అయిదు లెక్కపెట్టేలోపు ఇదంతా ఆలోచించాను." కళ్ళద్దాల అమ్మాయి వైపు చూడలేక బల్ల తుడిచే గుడ్డ వైపు చూశాడు. "అమ్మాయ్, తప్పు నీ మీద పెట్టాను."

"పోన్లెండి," అంది ఆ అమ్మాయి. ఒక క్షణం ఆలోచించి, "మరి నా రివర్సు పాఠం మీరే చెప్తారా, ఇంకెవరన్నానా?" అంది.

"కాగితం తీసుకో బావా," అన్నాడు మేస్త్రి. "రెండు రాయి. ఒకటి పోస్టాఫీసుకి, ఒకటి ఠాణాకి."

"ఠాణాకి కూడానా?"

"గుద్దితే ఠాణాకి చెప్పాలన్నది నీ పుస్తకంలో ఎన్నో పేజీ?"

"పదహారు," అన్నాడు మాస్టారు నీరసంగా, కుర్చీ లాక్కుని. రాయడం మొదలుపెట్టాక మళ్ళీ మాస్టారే అయ్యాడు. తేదీ, వేళ, రోడ్డు వెడల్పు, బొమ్మ, బాణాలు, కింద సంతకం. ఒక్క అక్షరం కొట్టివేత లేదు.

నాలుగింటికి ఇంకా ఇరవై నిమిషాలుండగా మేస్త్రి తెచ్చిన కాగితం పోస్టుమాస్టరు బల్ల మీద పడింది. ఆయన బొమ్మ చూసి ముచ్చటపడ్డాడు. ఫలానా బాణం ఎటని ఒకసారి అడిగాడు. తర్వాత మూడు కాగితాల మీదా 'పతనం' అన్న మాట కొట్టేసి, దాని పైన 'ఢీ' అని రాసి, కిందికి కబురు పెట్టాడు.

తపాలా ఆమె కర్ర సాయంతో మెట్లెక్కి వచ్చింది. వేళ్ళకు ముద్రల సిరా. కాగితం నిలబడే చదివింది, మొదటినుంచి చివరిదాకా, చిరునామా చూసినంత జాగ్రత్తగా.

"బీటు నీదే," అన్నాడు పోస్టుమాస్టరు. "మోకాలు మానాక."

ఆమె కాగితం మడత పెట్టింది, మళ్ళీ విప్పింది. "సైకిలెప్పుడిస్తారన్నా?"

"రేపు పొద్దున. హ్యాండిలు చక్కబడింది. బెల్లు బిగించాలి."

అప్పుడే వీధి గుమ్మంలో డ్రైవింగు మాస్టారు కనబడ్డాడు. రెండో కాగితం ఠాణాలో ఇచ్చి, అక్కడినుంచి నడిచి వచ్చినట్టున్నాడు, చొక్కా వీపుకు అతుక్కుపోయింది. లోపలికి రావాలో అక్కడే నిలబడాలో తెలియక, రెండు చేతులూ ఏం చేసుకోవాలో అసలే తెలియక, తడికాలితో వచ్చిన పిల్లాడిలా గడప అవతల ఆగిపోయాడు. తపాలా ఆమె ఆయన్ని చూసింది. సోమవారం ఆ కారులో ఉన్న మనిషి మొహం ఆమె చూడటం ఇదే మొదలు. పరిచయం అక్కర్లేకుండానే ఆమెకు తెలిసిపోయింది.

పోస్టుమాస్టరు తల దించుకుని సొరుగులో దేనికోసమో వెతకసాగాడు.

ఇంక అక్కడ మేస్త్రికి బావగా గానీ సొట్టలు తీసేవాడిగా గానీ పని లేదు. ఆ ఇద్దరి మధ్య ఉన్నది అతను సుత్తితో తీయగలిగింది కాదు, ముట్టుకోవలసిందీ కాదు. మేస్త్రి రెండు చేతులూ జేబుల్లో పెట్టుకున్నాడు. బావ పక్కనుంచి భుజం తగలకుండా ఒదిగి గడప దాటాడు. ఆమె "లోపలికి రండి" అందో, "అక్కడే నిలబడి చెప్పండి" అందో వినడానికి ఆగలేదు. సైకిలు స్టాండు తీసి, ఎక్కకుండా, తోసుకుంటూ, ఎవరికీ వస్తానని చెప్పకుండా రోడ్డు పక్కన పడి నడిచిపోయాడు.